బాలమణి బెల్లం ఎందుకు తినేది

ఆసుపత్రిలో నా చివరి రోజున, నా తర్వాత నా గదిలోకి రాబోతున్న డాక్టర్ హరిత ఒక కోరిక కోరింది. "మేడమ్, మీరు చెప్పే కేసులన్నీ ఎక్కడైనా రాసిపెట్టండి. మీరు చెబుతుంటే బాగానే ఉంటుందండి. పేషెంటు వచ్చి ఎదురుగా కూర్చున్నాక ఒక్కటీ గుర్తురాదు" అంది. హరితది కాకినాడ. పని నేర్చుకోవాలని నిజంగా తాపత్రయపడే పిల్ల. సరేనన్నాను.

నాకు మెడికల్ కాలేజీ రోజుల నుంచీ డైరీ రాసే అలవాటు ఉంది. రోజుకొక పేజీ. రాయడానికేమీ లేకపోతే ఎండ గురించో వాన గురించో రాసి పేజీ నింపి పడుకుంటాను. ఈ వ్యాసం కోసం ఆ డైరీలన్నీ కిందికి దించి దుమ్ము దులిపాను. ఏ ఏడు ఏ పదవి వచ్చిందో, ఏ ఉత్తర్వు మీద ఎక్కడికి బదిలీ అయిందో అందులో చాలానే ఉంది. చదువుతుంటే నాకే ఆవలింతలొచ్చాయి. వాటిని వదిలేస్తున్నాను. షుగరు వ్యాధికి వైద్యం చేయడానికి కొత్తగా వచ్చేవాళ్లకు పనికొస్తుందనిపించిన ఒక సంగతే ఇక్కడ రాస్తున్నాను. ఇన్సులిన్ ఇస్తున్నా షుగరు దిగని మనుషుల సంగతి. రోగుల పేర్లు మార్చాను.

పెద్దసారు

నేను పీజీ చేస్తున్నప్పుడు నగరంలోని ఒక సర్కారు దవాఖానలో మాకు ఒక పెద్దసారు ఉండేవారు. కోపిష్ఠి. ఆయన రౌండ్స్‌కి వస్తున్నారంటే నర్సులు దుప్పట్లు సర్దేవాళ్లు, మేం మా ముఖాలు సర్దుకునేవాళ్లం. అప్పట్లో ఇన్సులిన్ అంటే ఆవు నుంచో పంది నుంచో తీసినదే. మనిషి ఇన్సులిన్‌ను పోలినది అప్పుడప్పుడే మార్కెట్లోకి వస్తోంది.

మా వార్డులో ఒక బడిపంతులు ఉండేవారు. ఆయన ఇన్సులిన్ డోసు నెలనెలా పెరుగుతూ పోయింది. షుగరు మాత్రం ఉన్నచోటే ఉంది. సూది గుచ్చినచోట ఎర్రగా కంది దురద పెట్టేది. ఒకరోజు రౌండ్స్‌లో మా బ్యాచ్ కుర్రాడొకడు ధైర్యం చేసి, "ఈయన ఇంటి దగ్గర సూది సరిగా వేసుకోవట్లేదు సార్" అన్నాడు.

"నువ్వు చూశావా?"

"లేదు సార్, అనుకుంటున్నాను."

"అనుకోవడానికి నీకు స్టైపెండ్ ఇస్తున్నారా? వెళ్లి ఆయన చేత వేయించి, చూసి, అప్పుడు రా."

వేయించి చూశాడు. పంతులుగారు పాఠం చెప్పినంత శ్రద్ధగా వేసుకున్నారు. పెద్దసారు ఎక్కడెక్కడో చెప్పించి ఆ కొత్త రకం ఇన్సులిన్ సంపాదించారు. దానికి మార్చాక, తక్కువ డోసుతోనే షుగరు దిగింది. ఆ రోజు ఆయన మా అందరినీ మంచం చుట్టూ నిలబెట్టి, "ఒంటికి ఇన్సులినే పని చేయకపోవడం వేరు. ఒక రకం ఇన్సులిన్ పడకపోవడం వేరు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టొద్దు" అన్నారు. ఆ మాట అక్షరాలా డైరీలో ఉంది. తిట్లు కూడా ఉన్నాయి, అవి ఇక్కడ వద్దు.

మనిషి ఇన్సులిన్ అందరికీ అందుబాటులోకి వచ్చాక అలాంటి కేసులు బాగా తగ్గిపోయాయి. పాఠ్యపుస్తకాల్లో ఏదో ఒక మూల రెండు వాక్యాలుగా మిగిలాయి. నేను కూడా మళ్లీ చూస్తానని అనుకోలేదు.

మామూలు కారణాలు ముందు

సర్కారు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కొత్తగూడ చౌరస్తాకి దగ్గర్లో ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. అక్కడికొచ్చే రోగులు రెండు రకాలు. మెడలో బ్యాడ్జీ తీయకుండా, ఫోన్లో చార్టులు తెరిచి చూపించే సాఫ్ట్‌వేర్ పిల్లలు ఒకరు. ఆ పిల్లలు తినే అన్నం వండేవాళ్లు, వాళ్ల క్యాబులు నడిపేవాళ్లు, వాళ్ల అపార్ట్‌మెంట్లకు కాపలా కాసేవాళ్లు ఇంకొకరు. ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టేది మా ఆసుపత్రి. నాకు ఆ బెంచీ అంటే ఇష్టం.

ఇన్సులిన్ పని చేయడం లేదంటూ వచ్చేవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మందికి కారణం చాలా మామూలుది. కుర్చీలోంచి క్యాబులోకి, క్యాబులోంచి సోఫాలోకి మారే ఒళ్లు, నడుం చుట్టూ పేరుకున్న కొవ్వు. కొందరు హాస్టల్ ఫ్రిజ్‌లో ఐస్ గడ్డ పక్కన పెట్టి మందును పాడు చేసుకుంటారు. ఒక కుర్రాడైతే డోసు మూడుసార్లు పెంచినా షుగరు దిగలేదని నా మీదే అలిగి వచ్చాడు. చొక్కా ఎత్తమన్నాను. బొడ్డుకి కుడిపక్కన నిమ్మకాయంత గడ్డ.

"అన్నిసార్లూ ఇక్కడే ఎందుకు వేసుకుంటున్నావు?"

"డెస్క్ దగ్గర కూర్చునే వేసుకుంటా మేడమ్. చెయ్యి అక్కడికే అందుతుంది. పైగా అక్కడ నొప్పి కూడా ఉండదు."

"నొప్పి ఉండదు సరే, మందు ఎక్కుతోందా?"

ఒకే చోట పొడిచి పొడిచి చర్మం కింద కొవ్వు గడ్డ కడితే, అందులోకి వెళ్లిన ఇన్సులిన్ రక్తంలోకి సరిగా చేరదు. చోటు మార్పించాను. చోటు మార్చిన రోజే డోసు కూడా తగ్గించాలని మరిచిపోకండి. లేకపోతే పాత అలవాటు కొద్దీ వేసుకున్న పెద్ద డోసు పూర్తిగా ఎక్కేసి మనిషి కళ్లు తిరిగి పడిపోతాడు.

కనుక అరుదైన జబ్బు కోసం వెతికే ముందు చొక్కా ఎత్తి చూడండి, ఫ్రిజ్ గురించి అడగండి. ఇది నా మొదటి సలహా. ఇది చదివి ప్రతివాళ్లకూ ఖరీదైన పరీక్షలు రాయకండి.

రెండు నేరాలు

బాలమణి నాకు పరిచయం కాకముందే ఆమె వంట పరిచయం. మా ఆసుపత్రి వెనక గల్లీలో ఆమెది ఒక కర్రీ పాయింట్. కూరలు, పప్పు, చారు వండి కవర్లలో కట్టి అమ్మే కొట్టు. ఆఫీసు భవనాలు లేస్తున్న రోజుల్లో భర్తతో కలిసి మొదలుపెట్టింది. చుట్టుపక్కల హాస్టళ్ల పిల్లలు, మా డ్యూటీ డాక్టర్లు, నర్సులు అందరూ ఆమె పప్పుచారు మీద బతికినవాళ్లే. భర్త షుగరుతో మూత్రపిండాలు పాడై చనిపోయాడు. తర్వాత కొడుకు శ్రీకాంత్, కోడలు మౌనిక ఆమెకు తోడయ్యారు.

కొంతకాలంగా ఆ పప్పుచారు రుచి మారిందని మా నర్సులు అనుకోవడం వింటున్నాను. ఎందుకు మారిందో ఆ తల్లీకొడుకులు నా గదిలోకి వచ్చిన రోజు తెలిసింది.

"మేడం, మా అమ్మకు జర గట్టిగ చెప్పుండ్రి" అన్నాడు శ్రీకాంత్ కూర్చోకుండానే. "మూడు దవాఖానలు తిరిగినం. సూది పెంచుడే పెంచుడు, షుగర్ దిగుడు లేదు. ఎట్ల దిగుతది? దినమంత కూరలు నాకుతది. పొద్దుగాల లేసి బెల్లం బుక్కుతది."

"నాకుతదా? సూడుండ్రి మేడం, కన్నతల్లిని ఎట్లంటున్నడో" అంది బాలమణి. "ఉప్పు సూడకుంట పొయ్యి మీదికెళ్లి గిన్నె ఎట్ల దించాలె? గా చుక్క నాలిక్కి తగిలితెనే షుగర్ మూడొందలు దాటుతదా?"

"మరి బెల్లం సంగతి చెప్పు మేడంకు."

"చేతులు వణుకుతయిరా. చెమటలు పడతయి. బెల్లం ముక్క నోట్ల ఏస్కుంటే నిమ్మళమైతది. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"బెల్లం డబ్బా కనపడితే అందరి చేతులు వణుకుతయ్."

నాకు నవ్వొచ్చింది కానీ ఆ అబ్బాయి ముఖం చూసి ఆపుకున్నాను. అతని కళ్లలో నీళ్లున్నాయి. "మా నాయినను గిట్లనే పోగొట్టుకున్నం మేడం. ఆయన గూడ మాట ఇనలే" అన్నాడు.

అప్పటికి అతను చేయాల్సినదంతా చేసేశాడు. తల్లిని పొయ్యి దగ్గరికి రానివ్వడం మానేశాడు. మౌనిక చెంచాలు కొలిచి ఉప్పూ కారం వేస్తోంది. బాలమణి గల్లా పక్కన కూర్చుని కూరల కవర్లకు రబ్బర్లు వేస్తోంది. అదీ చాలదన్నట్టు దసరా దాటాక పాయింటును అప్పగిస్తానని బాచుపల్లిలో ఒకాయనకు మాట కూడా ఇచ్చేశాడు.

"ఇరవయ్యేండ్ల సంది వండిన చెయ్యి మేడం ఇది" అంది బాలమణి. "దాన్ని ఊకె కూసోమంటున్నడు. షుగర్‌తోని సస్తనో లేదో గని గిట్ల కూసుంటే మాత్రం పక్కా పోత."

ఆమె ఫైలు తెరిచాను. మొదటి ఆసుపత్రి డాక్టరు 'పథ్యం పాటించదు' అని రాశాడు. రెండో డాక్టరు ఆ పేజీ చదివి తనూ అదే రాశాడు. మూడో ఆయన దాని కింద గీత కూడా గీశాడు. ముగ్గురిలో ఒక్కరైనా ఆమె తినేది చూశారో లేదో ఎక్కడా లేదు. మన వృత్తిలో ఉన్న పెద్ద చెడ్డ అలవాటు ఇది. రక్తపరీక్షను మళ్లీ చేయిస్తాం గానీ, మనిషి గురించి ముందువాడు రాసిన మాటను మాత్రం మళ్లీ పరీక్షించం.

టిఫిన్ తినలేదన్న

వణుకు వచ్చినప్పుడు ఎప్పుడైనా మిషన్‌తో షుగరు చూశారా అని అడిగాను. ఎప్పుడూ చూడలేదు. తిన్నాక రెండు గంటలకు చూడమన్నారు, అప్పుడే చూస్తున్నారు.

"మరి పొద్దున పరగడుపున రక్తం ఇచ్చారు కదా, అది ఎన్నింటికి?"

"కూరగాయలు దించుకున్నంక, ఏడింటికట్ల" అంది బాలమణి.

"వణుకు ఎప్పుడొస్తుంది?"

"ఇంకా సీకటుంటది. లేసి పొయ్యి ముట్టిచ్చేటాళ్లకు."

"అంటే రక్తం ఇచ్చే సమయానికే బెల్లం తిని ఉన్నారు."

"తింటనే మేడం. తినకుంటే నిలవడనీకి రాదు."

"ఏమైనా తిన్నారా అని ల్యాబులో అడగలేదా?"

"అడిగిండ్రు. టిఫిన్ తినలేదన్న."

హరిత నా పక్కనే ఉంది. రాస్తున్న పెన్ను ఆపింది. బాలమణి అబద్ధం చెప్పలేదు. బెల్లం ముక్క టిఫిన్ ఎలా అవుతుంది? ల్యాబువాళ్లు అడగడమూ తప్పు కాదు. ఆ ఒక్క జవాబుతో మూడు ఆసుపత్రుల్లోనూ బెల్లం తిన్నాక వచ్చిన అంకెను పరగడుపు అంకెగా రాసుకున్నారు. అంకె పెద్దది కనుక డోసు పెంచారు. ఆ వేకువ వేళ ఆమె ఒంట్లో షుగరు ఎంత కిందికి పడిపోతోందో ఎవరికీ తెలియలేదు.

"అయితే రాత్రి డోసు ఎక్కువైందండి మేడమ్. తగ్గించి ఇంటికి పంపేద్దాం. పొద్దున్నే మిషన్‌తో చూసుకోమందాం" అంది హరిత, వాళ్లు బయటికెళ్లాక.

"చూసేదెవరు? ఆవిడ చూస్తే కొడుకు నమ్మడు. కొడుకు చూడాలంటే ముందు నమ్మాలి. పైగా పగటి షుగరు మూడొందలు ఎందుకుంటోందో మనకింకా తెలియదు. చేర్చుకుందాం."

ముందు మా సిస్టర్ ఎదుట ఆమె చేతే సూది వేయించాను. సీసాను అరచేతుల మధ్య మెల్లగా దొర్లించింది, కొలత సరిగా తీసింది, పొట్ట మీద నిన్నటి చోటు వదిలి ఇవాళ్టి చోటు ఎంచుకుంది. ఎక్కడా గడ్డల్లేవు. నేను తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

వార్డులో

చేర్చుకున్నాక ఆమె తినేదంతా మా వంటగది నుంచి. సూది వేసేది మా సిస్టర్. మందు మా ఫార్మసీలో కొత్తగా తీసిన సీసా. తోడుగా శ్రీకాంత్ ఉన్నాడు. మొదటి రోజు అతను మంచి హుషారులో ఉన్నాడు.

"ఈడ బెల్లం లేదు, కూరల్లేవు. రేపటికల్ల షుగర్ దిగుతది, సూడుండ్రి మేడం" అన్నాడు.

సాయంత్రానికి షుగరు దిగలేదు. ఇంటి దగ్గర ఎంత ఉందో అంతే ఉంది. నేను వార్డులోకి వెళ్లేసరికి శ్రీకాంత్ తల్లి దిండు ఎత్తి చూస్తున్నాడు.

"ఏం ఎతుకుతున్నవురా?" అంది బాలమణి. "మైసూర్‌పాకా? దొరికితే నాకు గూడ ఒక ముక్క పెట్టు."

పక్క మంచం మీది పెద్దావిడ పకపకా నవ్వింది. శ్రీకాంత్ సిగ్గుపడి దిండు పెట్టేశాడు.

మర్నాడు తెల్లవారకముందే నేను ఆసుపత్రికి వెళ్లాను. మా ఇల్లు కొండాపూర్‌లోనే, నడిచి వెళ్లేంత దూరం. బాలమణి ఇంట్లో పొయ్యి వెలిగించే వేళకు లేచి మంచం మీద కూర్చుని ఉంది. కాసేపటికి నుదుటి మీద చెమట పట్టింది. వేళ్లు వణకడం మొదలైంది. "ఇగో మేడం, ఇది" అంది. ఆ తర్వాత మాట ముద్దగా వచ్చింది. సిస్టర్ వేలు పొడిచి మిషన్ పెట్టింది. షుగరు యాభై కూడా లేదు.

నేను మిషన్‌ను శ్రీకాంత్ ముందు పెట్టాను. ఎంతుంటే తక్కువో, ఎంతకు ప్రాణం మీదికొస్తుందో తండ్రి జబ్బుతో అతనికి బాగా తెలుసు. ఆ అంకెను చూశాడు. తల్లి ముఖం చూశాడు. "చక్కెర ఇయ్యిండ్రి! చక్కెర ఏదీ?" అని సిస్టర్ చేతిలోంచి గ్లాసు దాదాపు లాక్కున్నాడు. తల్లి తల ఎత్తి పట్టుకుని, చక్కెర నీళ్లు తనే కొంచెం కొంచెంగా తాగించాడు. 

కాసేపటికి బాలమణి తేరుకుంది. నోరు చప్పరించి, "ఎవరు పోసిండ్రు నోట్ల చక్కెర?" అని అడిగింది.

"నేనే" అన్నాడు శ్రీకాంత్.

"దొంగతనంగనా?"

అతను ఆమె పాదాల దగ్గర కూర్చుని దుప్పటి సర్దుతూ ఉండిపోయాడు.

ఒంట్లో దాచిన మందు

హరిత సూచించినట్టు రాత్రి డోసు తగ్గించాం. తర్వాతి వేకువకు షుగరు మళ్లీ పడిపోయింది. పగలు మాత్రం షుగరు ఇంకా పైకెక్కింది. మందు ఎక్కువై పడిపోతుంటే తగ్గించినప్పుడు పడిపోకూడదు. తక్కువై పెరుగుతుంటే వేకువన పడిపోకూడదు. రెండు లెక్కలూ కలవలేదు. మధ్యాహ్నం భోజనం చేస్తుండగా, పెద్దసారు బడిపంతులి మంచం చుట్టూ మమ్మల్ని నిలబెట్టిన దృశ్యం గుర్తొచ్చింది.

మరుసటి వేకువ షుగరు పడిపోయిన క్షణంలోనే, ఒక పక్క చక్కెర నీళ్లు తాగిస్తూ ఇంకో పక్క రక్తం తీయించాం. ఇన్సులిన్‌నూ, దాన్ని అడ్డుకునే యాంటీబాడీలనూ కొలిచే పరీక్షలు మా దగ్గర జరగవు, బయటికి పంపాం. ఫలితం రావడానికి కొన్ని రోజులు పట్టింది. రక్తంలో ఇన్సులిన్ ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉంది. ఆమె ఒంట్లో సొంతంగా తయారయ్యే ఇన్సులిన్ మాత్రం తక్కువే. అంటే ఆ నిల్వంతా మేం సూదితో పంపినదే. దాన్ని పట్టి ఉంచే యాంటీబాడీలు కూడా బాగా ఎక్కువగా ఉన్నాయి.

తల్లీకొడుకులకు తేలిక మాటల్లో చెప్పాను. బయటి నుంచి వచ్చిన ఈ రకం ఇన్సులిన్‌ను ఒళ్లు పరాయిదిగా అనుకుని పట్టేసుకుంటోంది. తిన్నప్పుడు పని చేయాల్సిన మందు పని చేయకుండా బందీ అయిపోతోంది. అందుకే పగలు షుగరు ఎక్కువ. కొన్ని గంటల తర్వాత, కడుపు ఖాళీగా ఉన్న వేళ పట్టు వదిలితే, నిల్వ ఉన్నదంతా ఒకేసారి పనికి దిగుతుంది. అందుకే వేకువన వణుకు.

బాలమణి శ్రద్ధగా విని, "నాకు సమజైంది మేడం" అంది. "పిల్లలు ఆకలైతున్నదని లైన్ల నిలవడితే కూర గిన్నె దాచిపెట్టి, అందరు తినిపోయి పండుకున్నంక లేపి ముందట పెట్టినట్టు."

నేను ఎంతమంది విద్యార్థులకు చెప్పానో ఈ విషయం, ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేకపోయాను. హరిత ఇప్పుడు పాఠం చెప్పేటప్పుడు ఇదే వాడుతోంది.

మరో రకం

ఏం చేయాలన్నది అంత తేలిక కాదు. నేను ఒక పెద్ద ఆసుపత్రిలోని హార్మోన్ల నిపుణుడికి ఫోన్ చేశాను. వయసులో నాకంటే చాలా చిన్నవాడు. గంటసేపు ఓపిగ్గా మాట్లాడాడు. రోగనిరోధక శక్తిని అణచే మందులు ఉన్నాయి గానీ వాటి వెంట వచ్చే బాధలు కూడా ఉన్నాయనీ, ముందు ఇన్సులిన్ రకం మార్చి చూద్దామనీ అన్నాడు. నా మనసులోనూ అదే ఉంది. ఇలాంటి సందర్భాల్లో తెలిసినవాళ్లను అడగడానికి మొహమాటపడకండి. ఇంత వయసొచ్చాక కూడా నాకు చెప్పేవాళ్లు దొరికారంటే అది నా అదృష్టం.

అప్పటిదాకా వాడుతున్న, త్వరగా పని చేసేదీ నిదానంగా పని చేసేదీ కలిపిన ఇన్సులిన్ ఆపేశాం. కొద్ది మార్పుతో తయారైన మరో రకాన్ని, అన్నానికి ముందు చిన్న చిన్న డోసుల్లో మొదలుపెట్టాం.

"దీంతోనన్న పక్కా దిగుతదా మేడం?" అని శ్రీకాంత్ అడిగాడు.

"చెప్పలేను. ఈ రకానికి కూడా ఒళ్లు మొండికేయొచ్చు. వేయకపోవచ్చు. దిగినా నిదానంగా దిగుతుంది."

"మరి బాచుపల్లి అన్నకు మాటిచ్చిన..."

"పాయింటు ఎవరికివ్వాలో నేను చెప్పను. అది మీ ఇంటి సంగతి. ఒక్కటి మాత్రం చెప్పగలను. మీ అమ్మ షుగరు పెరిగింది పొయ్యి దగ్గర నిలబడినందుకు కాదు. ఉప్పు చూసినందుకూ కాదు. ఆవిడ మీకు చెప్పినదంతా నిజమే."

బాలమణి కొడుకు వైపు చూడలేదు. కిటికీలోంచి ఫ్లైఓవర్ మీది బండ్ల వైపు చూస్తూ, "నాకు తెల్వదా" అంది నెమ్మదిగా.

ఇంటికి పంపాక వారం వారం రమ్మన్నాను. ముందు వేకువ వణుకు పలచబడింది. కొన్నాళ్లకు ఆగిపోయింది. పగటి షుగరు దిగడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. ఒక వారం దిగి, ఇంకో వారం మళ్లీ ఎక్కి, మా అందరి ఓపికనూ పరీక్షించింది. దసరా దగ్గరపడుతున్న కొద్దీ హరిత నాకంటే ఎక్కువ కంగారుపడింది. చివరికి ముందు వాడిన డోసులో సగం కూడా లేకుండానే అంకెలు దారిలోకి వచ్చాయి. ఆ రోజు డైరీలో ఎండ గురించి రాయాల్సిన అవసరం రాలేదు.

కొత్తగా వచ్చేవాళ్లకు

ఈ కేసును గొప్ప రోగనిర్ధారణగా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. యాంటీబాడీల పరీక్ష ఎవరైనా రాయగలరు. దానికి ముందు చేయాల్సినవి కష్టం. రోగి చెప్పింది నిజమైతే ఏం జరుగుతుండాలి అని ఒక్కసారి ఆలోచించడం. ఇంటివాళ్లు ప్రేమతోనే చెప్పే ఫిర్యాదును ఫిర్యాదుగానే తీసుకోవడం, తీర్పుగా తీసుకోకపోవడం. ఏమైనా తిన్నారా అని అడిగి ఊరుకోకుండా, లేచిన దగ్గర్నుంచి నోట్లో ఏమేం వేసుకున్నారో చెప్పించుకోవడం.

తీపి తిని అబద్ధం చెప్పే రోగులు లేరనడం లేదు. చాలామంది ఉన్నారు. వాళ్లను కూడా నేను ఇష్టపడ్డాను. అయితే ఎవరు అలాంటివాళ్లో చూశాకే రాయండి. మన కలం నుంచి వచ్చిన ఒక మాట ఎవరింట్లో ఎవరి పొయ్యి ఆర్పుతుందో మనకు తెలియదు.

పెద్దసారు ఇప్పుడు లేరు. ఆయనకు నేను కృతజ్ఞతలు చెప్పిన గుర్తు లేదు. ఆయన ఎదుట నిలబడి ఆ ముక్క అంటే, ఇంకేం పని లేదా అని కసిరి ఉండేవారు. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

గల్లీలో

బతుకమ్మ పండుగ రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఇంటికి వెళుతూ ఆ గల్లీలోకి తిరిగాను. కర్రీ పాయింట్ ముందు హాస్టల్ పిల్లల వరుస ఉంది. లోపల పొయ్యి దగ్గర బాలమణి నిలబడి పోపు వేస్తోంది. మౌనిక పక్కనే ఉండి, ఏది ఎప్పుడు వేస్తోందో చూస్తోంది. శ్రీకాంత్ గల్లా దగ్గర ఉన్నాడు. నన్ను చూసి కుర్చీ వేయబోయాడు గానీ, అంతలో ఒకాయన బండి ఆపి లోపలికొచ్చాడు. గోడలు, గిన్నెలు, గ్యాస్ పొయ్యిలు అన్నిటినీ ఒకసారి కలియజూశాడు. బాచుపల్లి మనిషి అతనేనని నాకు అర్థమైంది.

"ఏం తమ్మీ, దసరా అయిపోంగనే తాళం ఇస్తనంటివి. గిన్నెలు గూడ ఇస్తవా, నేనే తెచ్చుకోవాల్నా?" అని అడిగాడు.

శ్రీకాంత్ ఒక్కసారి పొయ్యి వైపు చూశాడు. బాలమణి వెనక్కి తిరగలేదు. గరిటె మాత్రం ఆగింది.

"మాఫ్ చెయ్యి అన్నా" అన్నాడు శ్రీకాంత్. "ఇది ఇస్తలేను. అసలిది నాది గాదు, మా అమ్మది. ఆమెను అడగకుంటనే నీకు మాటిచ్చిన. నాదే తప్పు."

"గిదేంది? నేను వంటమనిషిని గూడ మాట్లాడుకుంటి గద!" ఆయన గొంతు లేచింది. వరుసలోని పిల్లలు ఇటు తిరిగారు. శ్రీకాంత్ తల దించుకుని నిలబడ్డాడు. 

గరిటె మళ్లీ కదిలింది. బాలమణి ఇటు తిరగకుండానే, ఆ గల్లీ అంతా వినబడేలా పిలిచింది.

"శ్రీకాంతూ, అన్నకు కుర్సీ ఎయ్యి. పప్పుచారు ఇప్పుడే దించుతున్న, పెద్ద కవర్ల కట్టియ్యి. ఇంత ఎండల బాచుపల్లికెళ్లి వచ్చిండు, మనింటికెళ్లి ఉత్తచేతులతోని పోతడా?"